ఏడేళ్ల తర్వాత మళ్ళీ మాక్రో పట్టాను, ఒక్క ఫోటో కూడా పదునుగా రావడం లేదు

నందివర్ధనం (పర్లాకిమిడి), జూన్ 25, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పాతవాళ్లలో కొందరికైనా గుర్తుంటాను. 2018 వరకు ఈ ఫోరంలో సీతాకోకచిలుకల గుడ్లు, గొంగళి పురుగుల మాక్రో ఫోటోలు, అంటే బాగా దగ్గరి నుంచి పెద్దవిగా తీసినవి, పెట్టేవాణ్ణి. ఆ ఏడాది అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఇంటి పెంకులు లేచిపోయాయి. బీరువా మీద పెట్టిన కెమెరా బ్యాగు పొద్దున్నదాకా నీళ్లలో నానింది. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది. ఆ తర్వాత ఇల్లు బాగుచేసుకోవడం, నాన్నగారి జబ్బు, పిల్లల చదువులు. కెమెరా మళ్ళీ ముట్టుకోలేదు.

పోయిన నెల బ్యాగు తెరిచాను. కెనాన్ 700డి బాడీ పనిచేస్తోంది. 100 ఎంఎం మాక్రో లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల తెల్లటి సన్నని దారాలు, అచ్చం సాలెగూడులా. ఫంగస్. క్లీనింగ్ చేయించాను. చాలావరకు పోయింది గానీ అంచున చిన్న మచ్చ మిగిలింది.

మొన్న వాన వెలిశాక పెరట్లో నందివర్ధనం చెట్టు ఆకు వెనక్కి తిప్పితే ఒక గెంతే సాలీడు కనిపించింది. ఫింటెల్లా విట్టాటా, ఆడది. నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఆకు మడతలో తెల్లటి పట్టు గది కట్టుకుని, అందులో గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తోంది. చారల మీద ఎండ పడితే నెమలికంఠం రంగు. కాళ్లలో వణుకు వచ్చింది నాకు, నిజంగా. మళ్ళీ మొదలుపెట్టాలనిపించింది ఆ క్షణంలోనే.

మూడు రోజుల్లో 140 ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ కళ్లు పదునుగా లేవు. లెన్స్ ముందు రేనాక్స్ 250 (ఇంకా పెద్దదిగా చూపించే అదనపు అద్దం) పెట్టాను. ఎఫ్ 22, షట్టర్ 1/160, ఐఎస్ఓ 800, కెమెరా మీదున్న ఫ్లాష్. ఎక్కువ లోతు ఫోకస్‌లోకి రావాలని ఎఫ్ 22 పెట్టాను, అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే కంత బాగా సన్నం చేశాను. తప్పు లెన్స్ మచ్చదా, నాదా? లెన్స్ మార్చక తప్పదంటే ఇప్పుడు అంత డబ్బు లేదు. కాస్త చూసి చెప్పండి.

బరంపురం స్టూడియో (బ్రహ్మపూర్), జూన్ 25, రాత్రి 10:25

బాబూ, తిరిగొచ్చావు, చాలా సంతోషం. నీ నిమ్మచెట్టు గొంగళి పురుగు ఫోటో నాకింకా గుర్తుంది.

లెన్స్ మార్చకు. అంచున చిన్న మచ్చ ఉంటే పదును పోదు. ఎదురు వెలుతురులో కాస్త పొగమంచులా తెల్లబడొచ్చు, అంతే. అసలు సంగతి నీ ఎఫ్ 22. సాలీడు బొమ్మ సెన్సార్ మీద దాని అసలు సైజులోనే పడేంత దగ్గరికి, అంటే 1:1కి వెళ్తే, లెన్స్ మీద రాసున్న అంకె అలాగే ఉండదు, రెట్టింపవుతుంది. నువ్వు ఎఫ్ 22 అనుకుంటున్నావు, అక్కడ జరిగే పని ఎఫ్ 44ది. అంత సన్నటి కంతలోంచి వచ్చిన వెలుతురు చెదిరిపోతుంది, ఫోటో అంతా మెత్తబడుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఇదే గతి. ఎఫ్ 11కి దిగు, వీలైతే ఎఫ్ 8.

లోతు తగ్గుతుంది, నిజమే. నీ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్ 11కి ఫోకస్ లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రేనాక్స్ తగిలిస్తే దాదాపు పావు మిల్లీమీటరు. కాళ్లూ పొట్టా పోతే పోనీ, కళ్లు దొరికితే ఫోటో దొరికినట్టే.

ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇప్పుడు నీ వయసెంత? వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, అది తిప్పి ఎన్నాళ్లయింది?

నందివర్ధనం, జూన్ 26, ఉదయం 6:05

మాస్టారూ, 48 నడుస్తోంది. చత్వారం వచ్చి మూడేళ్లయింది, పేపర్ చదవాలంటే కళ్లద్దాలు కావాలి. ఆ చక్రం సంగతే మర్చిపోయాను. ఇప్పుడే వ్యూఫైండర్‌లో కనిపించే అంకెలు స్పష్టంగా కనబడేదాకా తిప్పాను. నాలుగు గీతలు జరిగింది! ఇన్నాళ్లూ మసకగా చూస్తూ దాన్నే ఫోకస్ అనుకున్నాను.

రాయగడ సిస్టర్ (రాయగడ), జూన్ 26, మధ్యాహ్నం 2:15

నేను ఇక్కడ ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉంటాను. నా దగ్గర కెమెరా లేదు, ఫోన్‌కి తగిలించే చిన్న క్లిప్ లెన్స్ ఉంది. నైట్ డ్యూటీ దిగి వచ్చాక గోడ మీద ఈగల్ని పట్టే బూడిదరంగు సాలీళ్లని తీస్తుంటాను. ఆ అరగంటలో వార్డులో చూసినవన్నీ పక్కకు వెళ్లిపోతాయి. అది తల తిప్పి నన్ను చూస్తుంది చూడండి, ఆ చూపు కోసమే తీస్తాను.

అన్నయ్యా, నాదో ప్రశ్న. ఆరుద్ర కార్తె వచ్చింది కదా, మా వీధి పిల్లలు అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగుల్ని తెచ్చి చూపించారు. ఎర్రటి మఖ్‌మల్ ముక్కల్లా ఉన్నాయి. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే ఎనిమిది కాళ్లు లెక్కకొచ్చాయి. ఇది పురుగా, సాలీడా?

నందివర్ధనం, జూన్ 26, రాత్రి 8:50

సిస్టర్‌గారూ, మీ లెక్క సరైనదే. కీటకానికి ఆరు కాళ్లు, ఆరుద్రకి ఎనిమిది. అది సాలీడు కాదు గానీ సాలీడు చుట్టం, నల్లి జాతి. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే ఉంటుంది. తొలకరికి ఉసుళ్లు లేచే వేళకు పైకొచ్చి వాటిని తింటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు వీటికి ఆరు కాళ్లే. మిడతల్లాంటి వాటి ఒంటికి అంటుకుని రసం తాగి పెరుగుతాయి. మీ వీధి పిల్లలతో, చూశాక తెచ్చినచోటే వదిలేయమని చెప్పండి. ఎండిన అగ్గిపెట్టెలో ఎక్కువసేపు బతకవు.

నందివర్ధనం, జూన్ 28, రాత్రి 10:10

మాస్టారూ, వచ్చింది!

ఏం చేశానో మొత్తం రాస్తాను, నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుంది. కెమెరా మీద ఫ్లాష్ వదిలేసి, పాత పెద్ద ఫ్లాష్ తీశాను. దాని ముందు ఐస్‌క్రీం డబ్బా మూత వంచి కట్టి, మీద స్వీట్ షాపు బటర్ పేపర్ రెండు పొరలు వేశాను. అది లెన్స్ కొస మీదికి గొడుగులా వంగి ఉంటుంది. వెలుతురు వచ్చే తెర ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే సాలీడు ఒంటి మీద మెరుపు అంత మెత్తగా ఉంది. ఇదివరకు ఆ నెమలికంఠం చారలు తెల్లటి మచ్చలుగా కాలిపోయేవి.

మాన్యువల్‌లో 1/200, ఎఫ్ 11, ఐఎస్ఓ 200. ఫ్లాష్ 1/16. అంత తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో వేలవ వంతు కన్నా తక్కువసేపే కాబట్టి చేతి వణుకు ఫోటోలో పడదు. ఆటోఫోకస్ తీసేశాను. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని, ఆ మణికట్టు మీదే లెన్స్ ఆనించాను. గాలికి ఆకు ఊగితే ఆకూ, నా చెయ్యీ, లెన్సూ కలిసే ఊగుతాయి. ఊపిరి బిగబట్టి ఒంటిని వెంట్రుకవాసి ముందుకు జరుపుతూ, కళ్లలో మెరుపు చుక్క తేలగానే నొక్కాను.

40 ఫోటోలు తీస్తే ఆరు నిలిచాయి. ఒకదాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. ముందు రెండు పెద్ద కళ్లు, పక్కన రెండు చిన్నవి, నెత్తి మీద మిగతా నాలుగు. కనురెప్పల వెంట్రుకల్లాగా కళ్ల చుట్టూ బంగారు రంగు నూగు. పక్క ఫోటోలో అదే కన్ను రంగు మారింది, నలుపు పోయి గోధుమరంగు. గెంతే సాలీడు కంటి అద్దం కదలదు, తలకు అతుక్కుని ఉంటుంది. లోపల గొట్టం చివరనున్న రెటీనా కదులుతుంది. అది ఎటో చూసినప్పుడు మనకు కన్ను రంగు మారినట్టు కనిపిస్తుంది. పుస్తకాల్లో ఎప్పుడో చదివాను. నా ఫోటోలో, నా పెరట్లో చూడడం ఇదే మొదటిసారి.

పట్టు గది లోపల గుడ్లు లేత పసుపు ముత్యాల్లా మసకగా కనిపిస్తున్నాయి. దాన్ని ఇక కదపను. రోజుకు ఒకసారి దూరం నుంచి చూసి వస్తున్నాను.

బరంపురం స్టూడియో, జూన్ 28, రాత్రి 10:40

చాలా బాగుంది బాబూ. మూడో ఫోటోలో ముందరి కాలి నీడ ముఖం మీద పడింది చూడు. కింద తెల్ల కాగితం ముక్క ఒకటి పట్టుకుంటే పోతుంది. ఇక లెన్స్‌ను బీరువాలో పెట్టకు. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా కొని, సిలికా జెల్ వేసి, తేమ చూపించే చిన్న మీటర్ పెట్టు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫంగస్ రాదు. జెల్ రంగు మారితే పెనం మీద సన్న సెగన వేయించి మళ్ళీ వాడొచ్చు. డబ్బాలో బియ్యం పొయ్యమని ఎవరైనా చెప్తే వినకు, దుమ్ము.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా), జూన్ 29, ఉదయం 11:20

నమస్తే అన్నా. మాది గోదావరి ఒడ్డు, ప్రాణహిత కలిసే కాడ. మా మామిడితోటల ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు మస్తుగ ఉంటయి. నిన్న ఫోన్‌తోని తీసిన. అన్ని చీమలు వరసల పోతున్నయి, ఒక్కటి మాత్రం పక్కకు పోయి ఆగింది. నేను దగ్గరికి పోంగనే ఆకు మీది నుంచి దుంకింది, కింద పడలే, దారం మీద వేలాడింది. చీమ దారం ఎట్ల తీస్తది? ఫోటో మసకగనే ఉన్నది, ఏమనుకోకుండ్రి.

నందివర్ధనం, జూన్ 29, మధ్యాహ్నం 1:05

తమ్ముడూ, మసకగా ఉన్నా అది బంగారంలాంటి ఫోటో. అది చీమ కాదు, గెంతే సాలీడు. ఆ ఎర్రచీమల్నే పోలి ఉండే రకానికి మిర్మప్లాటా ప్లాటాలియోయిడిస్ అని పేరు, పాత పుస్తకాల్లో మిర్మరాక్నే ప్లాటాలియోయిడిస్ అని ఉంటుంది. ఒళ్లంతా చీమలా సన్నగా, నడుము దగ్గర నొక్కినట్టు ఉంటుంది. సాలీడుకు మీసాలు ఉండవు కాబట్టి ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లాగా ఆడిస్తుంది. చూసేవాడికి ఆరు కాళ్లు, రెండు మీసాలు లెక్క సరిపోతుంది. నీ ఫోటోలో ముఖం దగ్గర చూడు, గుండ్రటి పెద్ద కళ్లు రెండు. చీమకు అలాంటివి ఉండవు. దారం సంగతి నువ్వే పట్టుకున్నావు.

మగదైతే ఇంకా చిత్రం. దవడలు ముందుకు బారుగా పొడుచుకొస్తాయి, చీమ ఇంకో చీమను నోట కరుచుకుని మోసుకెళ్తున్నట్టే ఉంటుంది. ఆ తోటలో మళ్ళీ వెతుకు, మగది కూడా దొరకొచ్చు. చీమల దారిలో కాదు, దారి పక్క ఆకుల మీద చూడు. చీమలు దీన్ని పట్టుకుంటే ఊరుకోవు కాబట్టి అది వాటికి తగలకుండా తిరుగుతుంది.

ప్రాణహిత, జూన్ 29, మధ్యాహ్నం 1:30

అన్నా, మబ్బులు విడిపోయినయి! దీనికి తెలుగుల పేరేమన్న ఉన్నదా? మా పిల్లలకు మిర్మ.. అంటే నోరు తిరుగుతలేదు.

బరంపురం స్టూడియో, జూన్ 29, మధ్యాహ్నం 3:00

పగటివేషగాడు అని పిలవండి. మా చిన్నప్పుడు వీధిలోకి పగటివేషాల వాళ్లు వస్తే వేషమేదో మనిషెవరో తెలిసేది కాదు, ఇదీ అంతే. నందివర్ధనం వాళ్లది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. నోటికి వచ్చే మాటే రాయమని వారు ఎంత పోరాడారు! లాటిన్ పేరు శాస్త్రానికి ఉండనీ, ఇంట్లో పిల్లలకు పగటివేషగాడు చాలు.

కొరాపుట్ కాఫీ (కొరాపుట్), జూన్ 29, రాత్రి 9:15

హాయ్ అందరికీ. నేను డిగ్రీ సెకండియర్. మా వైపు కాఫీ తోటల్లో రంగురంగుల పురుగులు చాలా ఉంటాయి, కానీ ఒక్కటీ నిలవదు. యూట్యూబ్‌లో ఒకాయన సాలీడుని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచి తీస్తే కదలకుండా కూర్చుంటుందన్నాడు. అప్పుడు ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ ఇరవై ఫోటోలు తీసి, అన్నీ కలిపి అంతా పదునుగా ఉండే ఒకే ఫోటో చెయ్యడం, అదే స్టాకింగ్, కూడా చేసుకోవచ్చట. ఎవరైనా ట్రై చేశారా?

నందివర్ధనం, జూన్ 29, రాత్రి 10:30

నేను చేశాను తమ్ముడూ. దాచను. 2016లో ఒక పీత సాలీడుని, బంతిపువ్వు మీద కూర్చునే పసుపు రంగుది, అలాగే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. ఇంతలో ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ మర్చిపోయాను. తీసేసరికి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుని ఉంది. ఎండలో పెట్టాను, కదులుతుందేమోనని సాయంత్రం దాకా చూశాను. కదల్లేదు. ఆ రకం తెలుపు నుంచి పసుపుకీ, పసుపు నుంచి తెలుపుకీ పువ్వుని బట్టి రోజుల తరబడి మెల్లగా రంగు మార్చుకుంటుంది. అది ఆ పసుపు తెచ్చుకోవడానికి ఎన్నాళ్లు కూర్చుందో అనుకుంటే ఇప్పటికీ బాధ.

పది నిమిషాలకి చావదులే అంటారు. చావకపోయినా అది సాలీడులా కూర్చోదు. చలికి బిగుసుకున్నదాని కాళ్లు తేడాగా ఉంటాయి. తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఫోటోలో అది వేటాడుతున్నట్టు ఉండదు, పారేసినట్టు ఉంటుంది.

నిలబడే వేళ వెతుకు. నీది కొండ ఊరు, నీకున్న అవకాశం మాకు లేదు. తెల్లారి ఐదుంపావుకి మంచుబొట్లు ఉండగా వెళ్లు. తూనీగలు, ఈగలు, తేనెటీగలు చలికి తమంతట తామే ఆకులకు అతుక్కుని ఉంటాయి. ఎండ తగిలేదాకా కదలవు. స్టాకింగ్ అప్పుడు చేసుకో, ఎవరినీ ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు.

కొరాపుట్ కాఫీ, జూన్ 30, ఉదయం 7:50

సారీ అన్నా, నాకు తెలియదు. ఈరోజు ఐదింటికి లేచి వెళ్లాను. గడ్డిపోచ మీద తూనీగ, రెక్కల నిండా మంచు ముత్యాలు. పద్నాలుగు ఫోటోలు తీసినా కదల్లేదు. ఒక్కొక్క బొట్టులో వెనక కొండ తలకిందులుగా కనిపిస్తోంది!! పెడుతున్నాను చూడండి.

వంశధార గట్టు (గుణుపూర్), జూన్ 30, రాత్రి 8:20

నేను ఫోటోలు తీసేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి. ఆరెకరాల వరి. మీ మాటలు చదువుతుంటే ఒకటి అడగాలనిపించింది.

మా ఊళ్లో సుడిదోమ (వరి రసం పీల్చే చిన్న పురుగు) భయానికి పైరులో దోమ కనబడినా కనబడకపోయినా మందు కొట్టేస్తారు. మడిలో దుబ్బుల మొదట్లో పరిగెత్తే సాలీళ్లు ఆ దోమను తింటాయని నేను కళ్లారా చూశాను. మందు కొడితే ముందు చచ్చేవి ఇవే. పదిహేను రోజులకు దోమ రెట్టింపై వస్తుంది, తినేవాళ్లు లేరు కదా. చెప్తే వినరు. సాలీడంటే పెంటలో తిరిగే పురుగు అనుకుంటారు. ఒక మంచి ఫోటో, దాని ముఖం కనిపించేలా, పిల్లల్ని మోసేదైతే ఇంకా మంచిది. ఎవరైనా తీసి ఇస్తే మా ఎరువుల కొట్టు గోడకు అంటిస్తాను. నందివర్ధనంగారూ, పర్లాకిమిడి నుంచి గుణుపూర్ ఎంతో దూరం లేదు. రండి, రాత్రికి మా ఇంట్లోనే భోజనం.

నందివర్ధనం, జూన్ 30, రాత్రి 8:45

వస్తాను. శనివారం సాయంత్రం రైలుకి.

రాయగడ సిస్టర్, జూలై 1, ఉదయం 6:30

అన్నయ్యా, వెళ్లే ముందు ఇది చదవండి. రాత్రి గట్ల మీద తిరిగేటప్పుడు మోకాళ్లదాకా బూట్లు వేసుకోండి. వానాకాలం కట్లపాము కాటు కేసులు మేం చూస్తూనే ఉంటాం, కరిచినట్టు కూడా తెలియదు. పొదల్లో, గడ్డిలో పడుకుని ఫోటోలు తీయకండి, ప్లాస్టిక్ పట్టా పరుచుకోండి. గడ్డిలో కంటికి ఆనని నల్లి పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఇది ఆరుద్ర పురుగు వల్ల కాదు, వేరే జాతి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వేయండి. వారం పది రోజుల్లో జ్వరం, తలనొప్పి వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే మామూలు జ్వరమని ఊరుకోకుండా డాక్టరుకి గడ్డిలో తిరిగానని చెప్పండి. వెంటనే పట్టుకుంటే మందు ఉంది. ఆ పెచ్చు చంకల్లో, నడుం దగ్గర దాక్కుంటుంది, వెతుక్కోవాలి. మన జిల్లాల్లో మలేరియా కూడా ఎక్కువ. ఓడోమాస్ మర్చిపోకండి.

నందివర్ధనం, జూలై 6, రాత్రి 9:30

నిన్న రాత్రి గుణుపూర్ నుంచి.

సిస్టర్‌గారూ, బూట్లు, పట్టా, ఓడోమాస్ అన్నీ పట్టుకెళ్లాను. ఎనిమిదింటికి వంశధార పక్క నారుమడుల మీదికి వెళ్లాం. రైతుగారు ముందు, నేను వెనక. టార్చి చేతిలో కాదు, కంటి పక్కన కణతకు ఆనించి పట్టుకోమన్నాను ఆయన్ని. మడిలో పరిగెత్తే ఆ సాలీడు తోడేలు సాలీడు, దాని కళ్ల లోపల అద్దంలాంటి పొర ఉంటుంది. వెలుతురు వచ్చిన దారినే వెనక్కి పోతుంది కాబట్టి కంటి పక్కన టార్చి ఉన్నవాడికే కనబడుతుంది. ఆయన అలా పట్టుకుని ఒక్కసారిగా ఆగిపోయారు. గట్టు పొడవునా నీలి పచ్చ చుక్కలు, దగ్గరా దూరమూ, లెక్కలేనన్ని. "ఇన్ని ఉన్నాయా నా మడిలో" అని రెండుసార్లు అన్నారు. నలభై ఏళ్లుగా తిరుగుతున్న గట్టు అది ఆయనకి.

ఒకచోట చుక్క ఒకటి కాదు, ఇసక పోసినట్టు బోలెడు చుక్కలు ఒకేచోట మిలమిలలాడాయి. వంగి చూస్తే తల్లి, వీపు మీద పిల్లలు. ఈ జాతి తల్లి గుడ్ల మూటను పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికొచ్చాక వీపు మీదికెక్కి కొన్నాళ్లు అక్కడే ఉంటాయి. పట్టా మీద బోర్లా పడుకుని గంట సేపు తీశాను. వరి నారు మొదలుకు ఆనుకుని ఉంది, నీటికి రెండంగుళాల పైన. పిల్లలు ఒకదాని మీద ఒకటి మూడు వరసలు. ఒక పిల్ల జారి తల్లి ముఖం మీదికి వచ్చింది. ముందు కాలితో తల్లి దాన్ని నెమ్మదిగా పక్కకు జరిపింది, పిల్ల మళ్ళీ పైకెక్కింది. ఆ ఫోటో వచ్చింది. పెద్ద కళ్లు రెండూ, కింద వరసలోని చిన్న కళ్లు నాలుగూ పదునుగా ఉన్నాయి. ముందున్న ఐదారు పిల్లల కళ్లు కూడా.

తెల్లారి ఇంటికొచ్చి ముందు నందివర్ధనం చెట్టు దగ్గరికే వెళ్లాను. పట్టు గది గోడకు చిన్న కంత ఉంది. పక్క ఆకు మీద ఆవగింజలో సగం లేని పిల్ల ఒకటి నావైపు తిరిగి చూసింది. కెమెరా బ్యాగులోనే ఉంది, తియ్యలేదు.

వంశధార గట్టు, జూలై 6, రాత్రి 10:00

ఫోటో మా ఆవిడకు చూపించాను. పిల్లల్ని మోసే ముఖం చూసి, దీని మీద మందు ఎలా కొడతారండీ అంది. గోడకు పెద్దదే కావాలి. ఎంతవుతుందో చెప్పండి, నేనిస్తాను.

బరంపురం స్టూడియో, జూలై 6, రాత్రి 10:20

డబ్బులొద్దు. బాబూ, ఒరిజినల్ రా ఫైల్ (కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు) పంపు, నువ్వు షార్పెనింగ్ ఏమీ చెయ్యకు. 20 బై 30 అంగుళాల్లో వేసి లామినేషన్ చేయిస్తాను, కొట్టు గోడ తేమకు ఉబ్బకుండా. కింద ఏం రాయాలో ఒడియాలో, తెలుగులో రెండింట్లోనూ రాసి పంపండి.

వంశధార గట్టు, జూలై 6, రాత్రి 10:35

"సుడిదోమను తినేది ఇదే. మడిలో దోమ ఎంతుందో చూసుకుని అప్పుడు మందు సంగతి ఆలోచించండి." ఒడియాలో మా అబ్బాయి రేపు రాసి పంపుతాడు.